కిల్న్ కిషోర్‌బాబు గుండు పొయ్యి

జగ్గయ్యపేటలో కిషోర్‌బాబులు వీధికి ఇద్దరు దొరుకుతారు గానీ కిల్న్ కిషోర్‌బాబు మాత్రం ఒక్కడే. ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు కిల్న్ నడిపిన మనిషి. కిల్న్ అంటే ఏమిటో అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. "మూడు తాడిచెట్లు ఒకదాని వెనక ఒకటి పడుకోబెడితే ఎంతుంటదో అంత ఇనప గొట్టం. గుండ్రంగా తిరుగుతా ఉంటది. లోపల పద్నాలుగు వందల యాభై డిగ్రీలు. రాయి బెల్లప్పాకంలా అవుద్ది. ఆ పాకం ముదరకుండా, జావ కాకుండా చూసుకునేవాణ్ణి నేను." పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చెప్పాడని ఆయన భార్య ప్రమీలారాణి అంటుంది. అంత నిప్పుని ఏలే మనిషికి ఇంట్లో గ్యాసు పొయ్యి వెలిగించడం రాదని ఆవిడకి పెళ్ళైన మూడో రోజున తెలిసింది.

రెడ్డిగూడెంలో రెండెకరాల మామిడితోట ఉన్న ఇంట పుట్టి, డిప్లొమా చదివి, ఫ్యాక్టరీలో మసిగుడ్డతో మొదలుపెట్టి షిఫ్ట్ ఇన్‌ఛార్జి దాకా వచ్చాడు. అయితే పేరు ముందు కిల్న్ అన్న మాట చేరింది ఉద్యోగం వల్ల కాదు, ఒక మధ్యాహ్నం వల్ల. ఇరవై రెండేళ్ళ కింద, మంచి ఎండాకాలంలో, కంట్రోల్ రూములో మీటర్లన్నీ ఒక్కసారిగా పడుకున్నాయి. మోటార్లు తిరుగుతున్నాయి, లోపల మంట మండుతోంది, కానీ ఎంత వేడి ఉందో, ఎంత గాలి పోతోందో చెప్పే ముల్లు ఒక్కటీ పనిచెయ్యలేదు. మేనేజరు విజయవాడ వెళ్ళాడు. ఎలక్ట్రీషియన్లు బాగుచేసేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ సీట్లో ఉన్నది కిషోర్‌బాబు ఒక్కడే. మీటర్లు లేచాక చూస్తే కిల్న్ బంగారంలా నడుస్తోంది.

"ఏం చేశావయ్యా?" అని మేనేజరు అడిగాడు. కిషోర్‌బాబు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లుకున్నారు. అద్దంలోంచి మంట రంగు చూసి నడిపాడన్నారు కొందరు. గొట్టానికి చెవి పెట్టి విన్నాడన్నారు ఇంకొందరు. ఆ గొట్టానికి చెవి పెడితే చెవి మిగలదని వాళ్ళకి తట్టలేదు. కిషోర్‌బాబు దేన్నీ కాదనలేదు. కాదనకపోవడం అబద్ధం కిందికి రాదని ఆయన నమ్మకం.

పోయిన శ్రావణంలో రిటైరయ్యాడు. సన్మాన సభలో ఆ రెండు గంటల కథ ముగ్గురు చెప్పారు, మూడు రకాలుగా. శాలువా కప్పాక కంట్రోల్ రూము కుర్రకారంతా కలిసి కొన్న కానుక తెచ్చి ముందు పెట్టారు. నల్లగా, గుండ్రంగా, మూడు కాళ్ళ మీద నిలబడే బొగ్గుల పొయ్యి. అట్టపెట్టె మీద కెటిల్ గ్రిల్ అని రాసుంది. కింద గిన్నె, పైన మూత. గిన్నె అడుగున గాలి రావడానికి కన్నాలు, మూత మీద పొగ పోవడానికి ఇంకో కన్నం, రెండింటికీ తిప్పి మూసుకునే రేకులు. మూత మీద గడియారంలాంటి వేడి మీటరు. కిల్న్ మనిషికి ఇంట్లో ఒక బుల్లి కిల్న్ ఉండాలని వాళ్ళ సరదా. ప్రమీలారాణి దాన్ని చూసి "ఈ గుండు ఎక్కడ పెట్టాలి?" అంది. అప్పట్నుంచి అది గుండు పొయ్యి.

వ్యవహారం అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన సీట్లోకి రాబోయే అమ్మాయి ఉషశ్రీ దగ్గరికొచ్చింది. చందర్లపాడు పిల్ల, నందిగామలో ఉంటూ రోజూ బస్సులో డ్యూటీకి వస్తుంది. "సార్, అందరూ తలో మాట చెప్తున్నారు. ఆ రెండు గంటలూ మీరు నిజంగా ఏం చేశారు? నాక్కొంచెం నేర్పండి సార్" అంది. ఆ పిల్ల కళ్ళలో వేళాకోళం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"మాటలతో వచ్చేది కాదమ్మా," అన్నాడు కిషోర్‌బాబు, మెడలో దండ సర్దుకుంటూ. "మాఘంలో ఒక ఆదివారం మీరంతా మా ఇంటికి భోజనానికి రండి. దీని మీదే పొట్టేలు తొడ నాలుగు గంటలు కాలుస్తా. ముల్లు నూట ఇరవై దగ్గర నిలబెడతా, కదలదు. నిప్పుని ఎట్లా పట్టాలో నువ్వే చూద్దువుగాని."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళే దారిలో కిషోర్‌బాబు, పద్నాలుగు వందల యాభై నడిపినవాడికి నూట ఇరవై ఒక లెక్కా అని పైకి అనుకున్నాడు. లోపల వేరే పురుగు తొలుస్తోంది. తన చేతిలో నిజంగా పస ఉందో లేదో ఆయనకే తెలీదు. ముప్పై మూడేళ్ళూ ఆ సంగతి తేల్చుకోకుండానే గడిచిపోయాయి. ఇప్పుడు ఆ పిల్ల ముందు తేలిపోతుంది.

కార్తీకం వెళ్ళగానే సాధన మొదలైంది. ఇస్త్రీ బండివాడి దగ్గర గంపెడు బొగ్గులు తెచ్చి పెరట్లో వెలిగించాడు. మొదటి ఆదివారం ముల్లు మూడొందలు దాటింది. కోడి నల్లగా మాడి, ఏ వైపు కాలో ఏ వైపు మెడో పోల్చుకోలేకుండా పోయింది. రెండో ఆదివారం ఎనభై దాటలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, కిషోర్‌బాబు పెరట్లో వచ్చింది, పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకునేంత వచ్చింది. ప్రమీలారాణి అన్నంలోకి ఆవకాయ వేసింది.

ఫ్యాక్టరీలో వేడి కుదరకపోతే మొదట అనుమానించేది బొగ్గునే. పిడికెడు తీసి ల్యాబుకి పంపుతారు. అలవాటైన బుర్ర అదే దారిలో పోయింది. తప్పు నాది కాదు, బొగ్గుది అని తేల్చుకుని కిషోర్‌బాబు స్కూటరు తీశాడు.

గరికపాడు దాబాలకీ, పేటలో ఇస్త్రీ బళ్ళకీ బొగ్గులు పోసేది పీరాంబీ. హైవే పక్కన రేకుల షెడ్డు. చేలగట్ల మీద అడ్డదిడ్డంగా పెరిగిన సర్కారు తుమ్మ కొట్టించి, మన్ను కప్పి కాల్చి, బొగ్గు చెయ్యడం వాళ్ళ మామగారి నాటి పని. ఆయన పోయాక బట్టీ పెట్టేదీ, అమ్మేదీ ఆవిడే. షెడ్డులో నాలుగు బస్తాలు వేరువేరుగా మూతి విప్పి ఉన్నాయి.

"నాలుగు రకాలా?" అన్నాడు కిషోర్‌బాబు.

"నాలుగు రకాలేనండి."

ఒక పెద్ద ముక్క తీసి గోటితో కొట్టి చూశాడు. ఖణేల్‌మంది. "గట్టిగా ఉంది. చింత."

"అది దాబాలోళ్ళు..."

"తెలుసమ్మా, దాబాలకి చింతే మంచిది." రెండో బస్తాలో చెయ్యి పెట్టాడు. "ఇది నల్ల తుమ్మ. ఇది వట్టి సర్కారు తుమ్మ. ఇదేంటి ఇంత పొడిపొడిగా? సుబాబులయ్యుంటది. కాగితం మిల్లులకని ఈ చుట్టుపక్కల అంతా అదే గదా వేసేది."

పీరాంబీ నోరు తెరిచింది. "సార్, అసలు సంగతేందంటే..."

"ముప్పై మూడేళ్ళు బొగ్గుతో బతికానమ్మా," అన్నాడాయన. ముప్పై మూడేళ్ళు బొగ్గుతో బతికిన మనిషికి తనేం చెప్తుందని పీరాంబీ నోరు మూసుకుని నాలుగు బస్తాలూ ఆటో ఎక్కించింది.

ఇంక చూడాలి ఆయన సంబరం. బస్తాల మీద నల్ల సిరాతో పేర్లు రాశాడు: చింత, నల్ల తుమ్మ, సర్కారు తుమ్మ, సుబాబుల్. రెండొందల పేజీల నోటుబుక్కు కొని గళ్ళు గీశాడు. ఏ బొగ్గు, ఎన్ని గుప్పిళ్ళు, అంటుకోవడానికి ఎన్ని నిమిషాలు, ప్రతి పావుగంటకీ ముల్లు ఎక్కడ, ఎంత బూడిద. రెండు నెలల్లో ఆ పెరట్లో కోళ్ళు, వంకాయలు, చిలగడదుంపలు, ఒకసారి ఏం దొరక్క కాబేజీ, అన్నీ ఆ గుండులోకి వెళ్ళి బయటికొచ్చాయి. కొన్ని పచ్చిగా వచ్చాయి, కొన్ని బొగ్గుకి బొగ్గుగా వచ్చాయి. ఒక్కటి మాత్రం ఏ రోజూ మారలేదు: అయిదు నిమిషాలకోసారి ఆయన మూత తీసి చూసేవాడు. తీయగానే గాలి తగిలి నిప్పు ఎగిసేది, మూయగానే ముల్లు గంతులేసేది. ఆ గంతులన్నీ బొగ్గు గుణమని రాసుకునేవాడు.

"చింత: నిదానం, నిబ్బరం, పెద్దమనిషి తరహా," అని తేల్చాడు. "నల్ల తుమ్మ: మధ్యస్థం. సర్కారు తుమ్మ: చప్పున రాజుకుని చప్పున చల్లారును. సుబాబుల్: పొగే గానీ వేడి లేదు, ఎవరికీ సిఫార్సు చెయ్యను." ఈ చివరిది ఉషశ్రీకి ఫోను చేసి మరీ చెప్పాడు. వాళ్ళ నాన్నకి చందర్లపాడులో నాలుగెకరాల సుబాబుల్ ఉంది. ఆ పిల్ల "అలాగా సార్" అంది. ఆ గొంతులో ఎందుకో హుషారు లేదు. సుబాబుల్‌ని అన్నందుకు నొచ్చుకుందనుకున్నాడు.

మాఘంలో ఆ ఆదివారం రానే వచ్చింది. అయిదుగురు ఒంటిగంటకి వస్తారు. ముందురోజే పొట్టేలు తొడకి అల్లంవెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి ఉంచింది ప్రమీలారాణి. ఎనిమిదిన్నరకి ఆయన 'చింత' బొగ్గు రాజేశాడు. తొమ్మిదికి తొడ లోపల పెట్టి మూత వేశాడు. తొమ్మిదింబావుకి ముల్లు నూట ఇరవై మీదికి వచ్చి నిలబడింది. నిజంగానే నిలబడింది.

"ప్రమీలా! ఇటు రా!" అని కేక పెట్టాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "బానే ఉందిగా. ఇంక దాన్నట్టా వదిలెయ్యండి," అని లోపలికి పోయింది.

వదిలెయ్యమంటే వదిలేసే చెయ్యా అది! మూతకీ గిన్నెకీ మధ్య సన్నగా పొగ కారడం ఆయన కంటబడింది. కిల్న్ మనిషికి పామన్నా తేలన్నా అంత భయం ఉండదు, సందుల్లోంచి దూరే దొంగగాలి అంటేనే భయం. గొట్టంలో ఎక్కడ సందున్నా మూసెయ్యడం ముప్పై మూడేళ్ళ అలవాటు. కొలిమి ఇటుకల మధ్య పూసే ఫైర్ క్లే అటక మీద ఉంటే తెచ్చి, నీళ్ళతో కలిపి, మూత చుట్టూ శుభ్రంగా మెత్తాడు. గోడకి సున్నం కొట్టేవాడు కూడా అంత ముచ్చటగా చెయ్యడు. ఆ తర్వాత పై కన్నంలోంచి వేడి ఊరికే పోతుండటం చూసి ప్రాణం ఒప్పక, ఆ రేకు కూడా వెంట్రుకంత సందు ఉంచి తిప్పేశాడు. ఇప్పుడు లోపలి వేడి లోపలే. కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పదింటికి ముల్లు వంద. పదిన్నరకి ఎనభై. అడుగు కన్నాలు పూర్తిగా తెరిచాడు. పదకొండుకి అరవై. మూత తీద్దామంటే మన్ను ఎండి రాయిలా పట్టేసింది. ఫైర్ క్లే మంచి సరుకు, అందులో లోపం లేదు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. ఎందుకైనా మంచిదని చెప్పి ఉంచిన ఇంకో అరబస్తా దింపడానికి పీరాంబీ వచ్చింది. పెరట్లోకి వచ్చి, మన్ను మెత్తిన గుండునీ, దాని ముందు స్క్రూడ్రైవరుతో మోకాళ్ళ మీద ఉన్న మనిషినీ చూసి ఆగిపోయింది.

"సార్, మీరు బొగ్గు కాలుస్తన్నారా, బొగ్గు చేస్తన్నారా?"

కిషోర్‌బాబు స్క్రూడ్రైవరుతో మన్ను గీకుతూనే ఉన్నాడు.

"మేం బట్టీ పెట్టేది ఇట్టాగే గదండీ. చుట్టూ మన్ను కప్పి పై కన్నం మూస్తే నిప్పు సచ్చిపోద్ది, కట్టె కాస్తా బొగ్గవుద్ది. వంటకైతే పైది తెరిచుండాల. అడుగున గాలి లోనికి పోవాలంటే పైన పొగ బయటికి రావాలిగా. ఇక మాటిమాటికీ కదిలిత్తే మొత్తం బూడిదే. నిప్పులు ఓ మూల సర్ది పెట్టి, చేతులు కట్టుకు కూకోవాల."

"బొగ్గులోనే ఏదో తేడా ఉంది. ఈ బస్తా చింత..." అన్నాడాయన.

"ఏది చింత?" పీరాంబీ బస్తాల వైపు చూసింది. "అయ్యేం రాశారండీ వాటి మీద?" ప్రమీలారాణి అప్పటికే వంటింటి గుమ్మంలోకి వచ్చి ఉంది. ఒక్కొక్కటే చదివి వినిపించింది. పీరాంబీ ఆపుకుందామనే చూసింది, పాపం. చివరికి బట్టలుతికే బండ మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"అన్నీ సర్కారు తుమ్మే సార్! ఒకే గట్టు మీద కొట్టింది, ఒకే బట్టీలో కాల్చింది."

"నాలుగు రకాలన్నావుగా!"

"నాలుగు రకాలేగా. దాబా ముక్క, ఇస్త్రీ ముక్క, టీ బండి ముక్క, అడుగున మిగిలే నుసి. పెద్ద ముక్క నిదానంగా కాలుద్ది, చిన్నది బిరీన కాలుద్ది, నుసి గాలాడనీక పొగబెడద్ది. చెప్దామనే అనుకున్నా. మీరు ముప్పై మూడేళ్ళన్నారు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాణ్ణి చూశాం. ఈయన కుందేలుకి నాలుగు పేర్లు పెట్టి, నాలుగు కుందేళ్ళనుకుని రెండు నెలలు మేపాడు. కిషోర్‌బాబు నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకి సిగ్గేసింది. బొగ్గు గురించి అయితే కడుక్కుంటే పోయేది. ఇంకో రెండు గంటల్లో ఆ పిల్ల వస్తుంది.

ఆడవాళ్ళిద్దరూ ఆయన్ని అడగలేదు. సుత్తితో మన్ను పగలగొట్టి, లోపల సగం పచ్చిగా ఉన్న తొడని బయటికి లాగి, ముక్కలు కొట్టి, ప్రమీలారాణి కుక్కర్‌లో పడేసింది. ఆరు విజిల్స్. ఆ తర్వాత పీరాంబీ ఒక్క బొగ్గు గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, చిన్న స్టీలు గిన్నెలో వేసి కూర మధ్యలో పెట్టి, దాని మీద చెంచాడు నెయ్యి పోసి మూత పెట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో బిర్యానీకి అలా పొగ పెడతారు. నాలుగు బస్తాల్లోంచి ఆ రోజు పనికొచ్చింది ఆ ఒక్క ముక్క.

ఒంటిగంటకి అయిదుగురూ వచ్చారు. మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నారు. "ఎముక నుంచి ఊడొస్తోంది సార్! ఆ పొగ వాసన చూడండి!" అన్నారు. ఒకడు పెరట్లోకి వెళ్ళి పగిలిన మన్ను చూసొచ్చి, "మన్ను కప్పి కాల్చారా సార్? ఈ ఐడియా ఎవడికొస్తుంది!" అని ఫోటో తీసుకున్నాడు.

"కుక్కర్‌లో ఉడికింది. ఆరు విజిల్స్. పొగ పెట్టింది పీరాంబీ," అన్నాడు కిషోర్‌బాబు.

అందరూ ఘొల్లున నవ్వారు. "సార్ ఎప్పుడూ ఇంతే, అసలు సంగతి చెప్పరు!"

ఇంకో కథ కళ్ళ ముందే పుడుతోంది. ఆయన నవ్వి ఊరుకుంటే చాలు, సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా పాకుతుంది. నవ్వు పెదాల దాకా వచ్చింది కూడా.

ఉషశ్రీ నవ్వలేదు. చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే ఆయన చెంబుతో వెనకే వెళ్ళాడు. "నాకైనా చెప్పండి సార్. నాకు అవసరం," అంది కుళాయి కట్టేసి. "పోయిన నెల నా షిఫ్ట్‌లో మీటర్లు పోయాయి. పావుగంటే. మీరు చేసినట్టు చేద్దామని మంట రంగు చూసి బొగ్గు తగ్గించా. ఫ్యాను పెంచా. మళ్ళీ బొగ్గు పెంచా. లోపలి ఇటుక దెబ్బతిని గొట్టం ఒకచోట ఎర్రబడిపోయింది. మూడు రోజులు కిల్న్ ఆపేశారు. నాకు మెమో ఇచ్చారు సార్, రేపటిలోగా జవాబు రాయాలి. కిషోర్‌బాబు రెండు గంటలు నడిపాడు, నువ్వు పావుగంట నడపలేకపోయావా అన్నారు."

కిషోర్‌బాబు చేతిలో చెంబు కింద పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా తను కాదనకుండా ఊరుకున్న మాట వచ్చి ఎవరి నెత్తిన పడిందో అప్పుడు కనిపించింది.

"నేనేం చెయ్యలేదమ్మా," అన్నాడు. "మంట చూడలేదు, చెవి పెట్టలేదు. భయమేసింది. ఏది ముట్టుకుంటే ఏమవుద్దోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నా. రెండు గంటలూ ఒంటేలుకి కూడా లేవలా. అది దానంతటది నడిచింది."

"ఈ మాట ఆ రోజు సభలోనే చెప్పుంటే బాగుండేది సార్," అంది ఉషశ్రీ.

పీరాంబీ ఆ పక్కనే గిన్నె కడుగుతోంది. విని కూడా విననట్టే కడుగుతోంది. కిషోర్‌బాబు లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి ఒక కాయితం చింపాడు. బండ మీద కూర్చుని, ఫలానా సంవత్సరం ఫలానా రోజు మీటర్లు పనిచేయని రెండు గంటలూ తాను భయపడి ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాననీ, తన గురించి చెప్పుకునేవి ఏవీ నిజం కావనీ, ఆ అమ్మాయి ఆ కథలు నమ్మి చెయ్యి పెట్టిందనీ, తప్పు తనదనీ రాశాడు. మెమో జవాబుకి దీన్ని జతచెయ్యమన్నాడు. కింద సంతకం పెట్టాడు.

గుమ్మంలో నిలబడి చదువుతున్న ప్రమీలారాణి, "కుక్కర్ సంగతి కూడా రాయండి," అంది.

అదీ రాశాడు. ఇవ్వబోతూ కాయితం తిరగేశాడు. వెనక 'చింత బొగ్గు, నూట ముప్పై రెండు డిగ్రీలు' అని ఉంది. మళ్ళీ పెన్ను తీసి, చింత కొట్టేసి, సర్కారు తుమ్మ అని రాసి, అప్పుడిచ్చాడు.